పాటకు ఆఖరి మెరుగు: ఇంటి స్టూడియోకు మాస్టరింగ్ సాఫ్ట్‌వేర్ ఎంచుకోవడం

మాస్టరింగ్ అంటే మిక్సింగ్ ముగిసిన పాటను విడుదలకు సిద్ధం చేసే ఆఖరి పని. గొంతు, కీబోర్డు, డప్పు, బాస్ వేర్వేరు ట్రాకులుగా ఉన్నంతసేపూ జరిగేది మిక్సింగ్. అవన్నీ కలిసి ఎడమ, కుడి ఛానెళ్లతో ఒకే ఫైలుగా మారాక మొదలయ్యేది మాస్టరింగ్. పాట మొత్తంలో మంద్రం ఎక్కువైందా, తారం తక్కువైందా అని చూసి ఈక్వలైజర్‌తో సరిదిద్దడం, హెచ్చుతగ్గులను కంప్రెసర్‌తో కొంచెం దగ్గరికి తేవడం, లిమిటర్‌తో శబ్దస్థాయిని పెంచి శిఖరాలను ఒక గీత దాటకుండా ఆపడం, చివరకు సరైన రూపంలో ఫైలు తీయడం ఇందులోని ప్రధానమైన పనులు.

గ్రామఫోన్ రికార్డుల కాలంలో ఈ బాధ్యత లేత్ యంత్రం మీద గాడి కోసే ఇంజనీరుది. బాస్ అదుపు తప్పితే ఒక గాడి పక్క గాడిలోకి చొచ్చుకుపోయేది, ప్లేయర్ మీద ముల్లు ఎగిరిపడేది. ఇప్పుడు చాలా పాటలకు గాడీ లేదు, ముల్లూ లేదు. కానీ విడుదలకు ముందు పాటను కొత్త చెవులతో చివరిసారి వినే మనిషి అవసరం పోలేదు. ఇంటి స్టూడియోలో ఆ మనిషి, పాడినవాడు, మిక్స్ చేసినవాడు ఒక్కరే కావడం వల్ల సాఫ్ట్‌వేర్ మీద ఆశలు మరీ పెరుగుతాయి.

కొనాలన్న ఆలోచన ఎలా పుడుతుంది? కరీంనగర్‌లో పడకగదినే స్టూడియోగా మార్చుకున్న ఒక కుర్రవాడు బతుకమ్మ పాట రికార్డు చేశాడనుకుందాం. పాట బాగా వచ్చింది. యూట్యూబ్‌లో లక్షలమంది విన్న పాటను, దాని వెంటనే తన పాటను వేసి విన్నాడు. తనది సన్నగా, దూరంగా వినిపించింది. లోపం మాస్టరింగ్‌లో ఉందని తేల్చుకుని, రాత్రికి రాత్రే వేల రూపాయల ప్లగిన్ల (రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌కు తోడుగా చేరే పనిముట్ల) కట్ట కొనడానికి కార్డు తీశాడు. అతను కార్డును కాసేపు పక్కన పెట్టి ముందు ఒక చిన్న పరీక్ష చేయాలి. ఈ అధ్యాయంలోని మొదటి మెట్టు అదే.

1. లోపం ఎక్కడుందో ముందు తేల్చుకోవాలి

బయటి పాటను రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లోకి తెచ్చి, సొంత మిక్స్ పక్కన వేరే ట్రాకులో పెట్టాలి. తర్వాత సొంత పాటను పెంచకూడదు, బయటి పాటను తగ్గించాలి. రెండూ చెవికి సమానమైన గట్టిదనంతో వినిపించేదాకా తగ్గించి, అప్పుడు మార్చి మార్చి వినాలి.

ఇంత శ్రమ ఎందుకు? తక్కువ శబ్దంలో మనిషి చెవికి మంద్రం, తారం రెండూ తగ్గి వినిపిస్తాయి. 1933లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దీన్ని కొలిచి చూపారు. అందుకే ఏ పాటైనా కాస్త గట్టిగా వినిపిస్తే నిండుగా, మెరుగ్గా ఉన్నట్టు తోస్తుంది. స్థాయి సమానం చేయకుండా రెండు పాటలను పోల్చడమంటే తూకం సరిచేయని త్రాసులో బియ్యం తూచడమే.

సమానం చేసి విన్నాక మూడింటిలో ఒకటి బయటపడుతుంది. తేడా దాదాపు మాయమైతే కావలసింది శబ్దస్థాయి మాత్రమే, ఉచిత లిమిటర్ చాలు. గొంతు వాద్యాల వెనక నలిగిపోతుంటే అది మిక్సింగ్ లోపం. కలిసిపోయిన ఫైలులోంచి గొంతును ముందుకు లాగడం ఏ మాస్టరింగ్ సాఫ్ట్‌వేర్‌కైనా కష్టమే, వెనక్కి వెళ్లి ఫేడర్ జరపడం అరనిమిషం పని. గదిలో బాగున్న బాస్ కారులో గుమ్‌గుమ్మంటుంటే తప్పు గదిది. ఈ చివరి రెండూ డబ్బుతో కొనే మాస్టరింగ్ ప్లగిన్‌తో తీరేవి కావు. కొత్తవారి నిరాశలో చాలా భాగం ఇక్కడే పుడుతుంది, ఈ ఒక్క పరీక్షతో అది తప్పుతుంది.

2. పాట ఎక్కడ వినిపించబోతుందో రాసుకోవాలి

యూట్యూబా, స్పాటిఫైయా, పండగ పందిట్లో డీజే బాక్సులా? జవాబును బట్టి అవసరం మారిపోతుంది.

స్ట్రీమింగ్ సంస్థలు పాటల శబ్దస్థాయిని తామే సమానం చేస్తాయి. అందుకు వాడే కొలమానం ఎల్‌యూఎఫ్‌ఎస్. సగటున పాట చెవికి ఎంత గట్టిగా తగులుతుందో ఇది చెబుతుంది. దీని వెనకున్న కొలత పద్ధతిని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 2006లో బీఎస్ 1770 పేరుతో ప్రమాణంగా ప్రకటించింది. స్పాటిఫై మామూలుగా -14 ఎల్‌యూఎఫ్‌ఎస్ దగ్గర, ఆపిల్ మ్యూజిక్ -16 దగ్గర పాటలను వినిపిస్తాయి. యూట్యూబ్ కూడా -14 దరిదాపుల్లోనే ఉంటుంది. కాకపోతే అది గట్టి పాటను తగ్గిస్తుందే గానీ మెల్లని పాటను పెంచదు.

కరీంనగర్ కుర్రవాడు లిమిటర్‌ను బలంగా తొక్కి పాటను -8కి చేర్చాడనుకుందాం. స్పాటిఫై దాన్ని 6 డెసిబెల్స్ తగ్గించి -14 దగ్గరే వినిపిస్తుంది. గట్టిదనం దక్కలేదు. మరి పోయిందేమిటి? డప్పు మీద కర్ర పడిన మొదటి క్షణపు చురుకు. లిమిటర్ మొదట కోసేది ఆ శిఖరాన్నే. డప్పుకు ప్రాణమే ఆ దెబ్బ. అది పోతే అట్టపెట్టె మీద కొట్టినట్టు వినిపిస్తుంది. పెద్ద పెద్ద బృందాలకూ ఈ పొరపాటు తప్పలేదు. 2008లో మెటాలికా విడుదల చేసిన ‘డెత్ మాగ్నెటిక్’ ఆల్బమ్‌ను గట్టిదనం కోసం మరీ నలిపేశారని అభిమానులే గొడవ చేశారు. అవే పాటలు ‘గిటార్ హీరో’ వీడియో గేమ్‌లో తక్కువ నలుగుడుతో ఉండటం గమనించి, ఆ రూపమే బాగుందన్నారు.

కంప్యూటర్‌లో యూట్యూబ్ వీడియో మీద రైట్ క్లిక్ చేసి ‘స్టాట్స్ ఫర్ నెర్డ్స్’ తెరిస్తే, ఆ పాటను ఎన్ని డెసిబెల్స్ తగ్గించి వినిపిస్తున్నారో కనిపిస్తుంది. ఇష్టమైన పది పాటలను ఇలా చూడటం ఒక సాయంత్రం పని. నేర్పేది మాత్రం చాలా ఉంటుంది.

అలాగని ప్రతి పాటనూ సరిగ్గా -14కే తేవాలన్న నియమం లేదు. తంబూర, గొంతు మాత్రమే ఉన్న కీర్తన -17 దగ్గర హాయిగా ఉంటే అక్కడే వదిలేయడం మేలు. పందిట్లో పెన్‌డ్రైవ్‌తో వేసే పాట సంగతి వేరు. అక్కడ స్థాయి సమానం చేసేవారు ఎవరూ ఉండరు, ముందు వేసిన సినిమా పాట పక్కన ఇది వెలవెలబోతుంది. ఆ అవసరం నిజంగా ఉంటే దానికి కాస్త గట్టి మాస్టర్‌ను విడిగా తీసి పెట్టుకోవచ్చు.

ఈ లెక్కలన్నీ కంటికి కనబడాలంటే మీటర్ కావాలి. ఇంటి స్టూడియోలోకి మొదట రావలసిన మాస్టరింగ్ సాఫ్ట్‌వేర్ అదే. యూలీన్ లౌడ్‌నెస్ మీటర్ ఉచిత రూపం ఎల్‌యూఎఫ్‌ఎస్‌ను, ట్రూ పీక్‌ను (ఫైలు మళ్లీ ధ్వనిగా మారేటప్పుడు వచ్చే అసలు శిఖరస్థాయిని) రెండింటినీ చూపిస్తుంది. వాక్సెంగో స్పాన్ అనే మరో ఉచిత ప్లగిన్ ఏ ఫ్రీక్వెన్సీ ఎంత ఉందో గీతలో చూపిస్తుంది.

3. ఇంట్లో ఇప్పటికే ఏముందో చూడాలి

రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌తోనే వచ్చిన పనిముట్లను తెరిచి చూడకుండా కొత్తవి కొనేవారు చాలామంది. రీపర్‌లో ఈక్వలైజర్, కంప్రెసర్, లిమిటర్ అన్నీ ఉన్నాయి. దాన్ని 60 రోజులు ఉచితంగా పరీక్షించవచ్చు, సొంత వాడకానికీ చిన్న వ్యాపారానికీ లైసెన్సు 60 డాలర్లు. ఆపిల్ లాజిక్ ప్రోలో 2023 చివర వచ్చిన 10.8 రూపం నుంచి మాస్టరింగ్ అసిస్టెంట్ అందులోనే ఉంది. స్టూడియో వన్‌లో ఆల్బమ్ పాటలను వరుసగా పేర్చి మాస్టర్ చేసుకునేందుకు ప్రాజెక్ట్ పేజీ ఉంది. ఎఫ్‌ఎల్ స్టూడియోలో ఫ్రూటీ లిమిటర్, పూర్తిగా ఉచితమైన ఆడాసిటీలో కూడా ఎల్‌యూఎఫ్‌ఎస్ ప్రకారం స్థాయి సరిచేసే ఎఫెక్ట్ ఉన్నాయి.

వీటికి రెండు మూడు ఉచిత ప్లగిన్లు తోడైతే పనిమంతుడికి పూర్తి గొలుసు సిద్ధమైనట్టే. టోక్యో డాన్ ల్యాబ్స్ వారి నోవా డైనమిక్ ఈక్వలైజర్, కొతెల్నికోవ్ కంప్రెసర్, లౌడ్‌మ్యాక్స్ లిమిటర్ ఉచితంగా దొరుకుతాయి. వీటితో అయిదారు పాటలు మాస్టర్ చేసిన తర్వాతే కొనుగోలు ఆలోచన మొదలుపెట్టాలి. అప్పటికి ఏది తక్కువైందో పేరు పెట్టి చెప్పగలిగే స్థితి వస్తుంది. ‘నా పాట ప్రొఫెషనల్‌గా లేదు’ అన్నది లోపం పేరు కాదు. ‘3 డెసిబెల్స్ తగ్గించగానే ఈ లిమిటర్ డప్పును చెడగొడుతోంది’ అన్నది లోపం పేరు.

4. దొరికే రకాలను విడదీసి చూడాలి

విడి ప్లగిన్లు ఒక రకం. ఫ్యాబ్‌ఫిల్టర్ ప్రో-ఎల్ 2 లిమిటర్, అదే సంస్థ ప్రో-క్యూ ఈక్వలైజర్ ఇలాంటివి. ఒక్కొక్కటి ఒక్క పనే చేస్తుంది. ధర తక్కువేమీ కాదు, కానీ మిక్సింగ్‌లోనూ పనికొస్తుంది కాబట్టి డబ్బు వృథా కాదు. ఉచిత గొలుసులో ఒక్క లంకె మాత్రమే బలహీనంగా ఉందని తేలినవారికి ఇదే సరైన దారి. చాలా ఇళ్లలో ఆ లంకె లిమిటరే అవుతుంది.

కట్టగా వచ్చేవి రెండో రకం. ఐజోటోప్ ఓజోన్, ఐకే మల్టీమీడియా టీ-ర్యాక్స్ వీటిలో పేరున్నవి. ఓజోన్‌లోని అసిస్టెంట్ పాటను కొన్ని సెకన్లు విని, ఈక్వలైజర్ నుంచి లిమిటర్ దాకా ఒక అమరికను ముందుపెడుతుంది. ఇది కొత్తవారికి నిజంగా ఉపకారమే, అయితే దాన్ని తీర్పుగా తీసుకోకూడదు. అది సూచించిన ప్రతి మార్పునూ ఒక్కొక్కటిగా ఆపి, మళ్లీ వేసి వినాలి. ‘తారం ఎందుకు పెంచింది? నా పాటకు అది కావాలా?’ అని అడిగితే ఆ సాఫ్ట్‌వేరే గురువు అవుతుంది. అడగకుండా ఎగుమతి బటన్ నొక్కితే యాభయ్యో పాట దగ్గర కూడా మొదటి పాటనాటి అయోమయమే మిగులుతుంది. ఒకే పేరుతో చిన్న, మధ్య, పెద్ద రూపాలు అమ్ముతారు. చిన్నదానిలో అసిస్టెంట్ ఉన్నా చేత్తో తిప్పే నియంత్రణలు తక్కువ. కొనేముందు ఆ తేడాల పట్టిక చదివి తీరాలి.

వేవ్‌ల్యాబ్, సౌండ్ ఫోర్జ్ వంటివి స్వతంత్ర ఎడిటర్లు. ఇవి పాటను కాక ఫైలును, ఆల్బమ్‌ను చూసుకునే సాఫ్ట్‌వేర్లు. పాటల మధ్య ఖాళీలు, ట్రాకు గుర్తులు, మెటాడేటా, ఒకేసారి ఇరవై ఫైళ్లను మార్చడం వీటి బలం. సీడీ మీద పన్నెండు కీర్తనలు తెచ్చే భజన మండలికి, ఆడియో పుస్తకాలు సిద్ధం చేసేవారికి ఇవి హాయి. నెలకో పాట యూట్యూబ్‌లో పెట్టేవారికి అవసరం లేదు.

ఆన్‌లైన్‌లో ఫైలు ఎక్కిస్తే మాస్టర్ చేసి తిరిగిచ్చే సేవలు మరో రకం. కెనడాలోని మాంట్రియల్‌లో మొదలైన ల్యాండర్ ఇలాంటి సేవను 2014లో తెచ్చింది. రేపు పొద్దున్నే పాట వెళ్లిపోవాలంటే ఆదుకుంటాయి. గొంతులో కరుకుదనం ఉందని చెప్పి మిక్స్‌కు వెనక్కి పంపే మనిషి మాత్రం అక్కడ దొరకడు. ముఖ్యమైన పాట ఒకటి ఉంటే సాఫ్ట్‌వేర్ డబ్బులో కొంత భాగంతో అనుభవమున్న మాస్టరింగ్ ఇంజనీరుకు ఇచ్చి, ఆయన తిరిగిచ్చిన ఫైలును సొంత ప్రయత్నంతో పోల్చుకోవడం మంచి చదువు.

5. ట్రయల్ రోజులను వృథా చేయకూడదు

పేరున్న సాఫ్ట్‌వేర్లలో చాలావాటిని కొన్ని రోజులు ఉచితంగా వాడి చూడవచ్చు. సాధారణంగా జరిగేదేమిటి? ప్రీసెట్లన్నీ వరుసగా నొక్కి చూడటంతో ఆ రోజులు గడిచిపోతాయి. దానికి బదులు సొంత పాటలు మూడు ముందే సిద్ధం చేసుకోవాలి: డప్పు, డోలు బలంగా ఉన్నది ఒకటి, గొంతు ప్రధానమైన మెల్లని పాట ఒకటి, వాద్యాలు కిక్కిరిసినది ఒకటి. ఆ మూడింటి మీదే ప్రతి సాఫ్ట్‌వేర్‌నూ నడపాలి.

డప్పు పాటలో లిమిటర్‌ను మొదట 2, తర్వాత 4, తర్వాత 6 డెసిబెల్స్ తగ్గించేలా పెట్టి, ఎక్కడ దెబ్బ మెత్తబడుతుందో గుర్తించాలి. ఎంత ఆలస్యంగా మెత్తబడితే ఆ లిమిటర్ అంత మంచిది.

గొంతు పాటలో స, శ, ష, చ అక్షరాల మీద చెవి పెట్టాలి. ‘శివ’, ‘శ్రీశైలం’ వంటి మాటలు పదేపదే వచ్చే భక్తి పాటల్లో తారం కొంచెం పెరిగినా ఆ అక్షరాలు చెవిలో గుచ్చుతాయి. ఆ ఒక్కచోటే, ఆ క్షణానికే తగ్గించే డైనమిక్ ఈక్వలైజర్ లేదా డీ-ఎస్సర్ ఆ సాఫ్ట్‌వేర్‌లో ఉందా? తెలుగు గొంతుతో పనిచేసేవారికి ఇరవై పాతకాలపు కంప్రెసర్ నమూనాల కంటే ఇది ఎక్కువ అక్కరకొస్తుంది. మెల్లని పాటలో ఇంకొకటి కూడా బయటపడుతుంది. స్థాయిని 10 డెసిబెల్స్ పెంచితే రికార్డింగ్‌లో దాగిన సీలింగ్ ఫ్యాన్ చప్పుడూ అంతే పెరుగుతుంది. అది సాఫ్ట్‌వేర్ తప్పు కాదు, ఫ్యాన్ ఆపి మళ్లీ పాడటమే మందు.

అన్నిటికన్నా ముఖ్యంగా చూడవలసినది, ముందూ తర్వాతా స్థాయి సమానం చేసి పోల్చే బటన్ ఉందా అన్నది. కొన్నిటిలో దీన్ని గెయిన్ మ్యాచ్ అంటారు. అది లేని సాఫ్ట్‌వేర్‌తో చేసిన ప్రతి మార్పూ బాగున్నట్టే తోస్తుంది, ఎందుకంటే ప్రతిసారీ శబ్దం పెరుగుతుంది. బయటి పాటను పక్కన పెట్టుకుని పోల్చే రెఫరెన్స్ సదుపాయం కూడా ఉంటే ఇంకా మంచిది.

కంప్యూటర్ ఓపికనూ పరీక్షించాలి. నాలుగైదేళ్ల నాటి ల్యాప్‌టాప్ మీద ఓవర్‌శాంప్లింగ్ (ధ్వనిని మరింత సూక్ష్మంగా లెక్కించే అమరిక) పెంచగానే పాట తెగి తెగి వినిపించవచ్చు. వెంటనే కొత్త కంప్యూటర్ కొనాల్సిన పనిలేదు. మాస్టరింగ్‌లో ఎవరూ పాడుతూ ఉండరు కాబట్టి ఆలస్యం సమస్య కాదు, బఫర్‌ను 1024కో 2048కో పెంచితే చాలావరకు సర్దుకుంటుంది.

6. ధరతో పాటు షరతులు చదవాలి

ప్లగిన్ ఏ రూపంలో వస్తుందో చూడాలి. ప్రో టూల్స్‌కు ఏఏఎక్స్, లాజిక్‌కు ఆడియో యూనిట్, క్యూబేస్, ఎఫ్‌ఎల్ స్టూడియోలకు వీఎస్‌టీ కావాలి. లైసెన్సు ఎన్ని కంప్యూటర్లకు, ఐలాక్ అనే లైసెన్సు సేవలో ఖాతా అవసరమా, ఇంటర్నెట్ లేనప్పుడు తెరుచుకుంటుందా అన్నవి డబ్బు కట్టకముందే అడగవలసినవి. నెలవారీ చందా చౌకగా కనిపిస్తుంది. రెండేళ్లకు లెక్కగడితే కొన్నదాని ధరను దాటవచ్చు, చందా ఆగాక పాత ప్రాజెక్టుల్లో ఆ ప్లగిన్ పనిచేయదు. ధర డాలర్లలో ఉంటే పన్ను, కార్డు విదేశీ లావాదేవీ రుసుము కలిపి చూసుకోవాలి. నవంబరు చివర ప్లగిన్ల ధరలు బాగా తగ్గుతుంటాయి. సెప్టెంబరులో అవసరం తెలిసినా, ట్రయల్‌తో నెట్టుకొచ్చి అప్పుడు కొనడం తెలివైన పని.

క్రాక్ చేసిన ప్లగిన్లు వద్దు. వాటి వెంట వచ్చే వైరస్ ఒక్క రాత్రిలో రెండేళ్ల పాటల ఫోల్డర్‌ను మింగగలదు. పైన చెప్పిన ఉచిత పనిముట్లు ఉండగా ఆ ప్రమాదానికి కారణమే లేదు.

7. పెద్ద ఖర్చుకు ముందు గదినీ హెడ్‌ఫోన్‌నూ చూసుకోవాలి

పది అడుగుల గోడల మధ్య దాదాపు 56 హెర్ట్జ్ దగ్గర ధ్వని తనమీద తానే పేరుకుంటుంది. కూర్చున్న చోటును బట్టి ఆ బాస్ ఒకచోట ఉప్పెనలా, మరోచోట మాయమైనట్టు ఉంటుంది. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ పది అడుగులే అయితే మూడు వైపుల నుంచీ అదే ఫ్రీక్వెన్సీ పేరుకుంటుంది. అలాంటి గదిలో విని బాస్ తగ్గించినవారి పాట బయట పలచబడుతుంది. ఎంత ఖరీదైన ఈక్వలైజర్ అయినా చెవి చెప్పిన తప్పునే అమలు చేస్తుంది. మూలల్లో మందపాటి శోషక దిమ్మెలు, లేదా నమ్మకమైన ఓపెన్‌బ్యాక్ హెడ్‌ఫోన్ ముందు కొనవలసినవి.

గది, హెడ్‌ఫోన్ లోపాలను సరిచేసే సోనార్‌వర్క్స్ సౌండ్‌ఐడీ రెఫరెన్స్ వంటివి కూడా ఉన్నాయి. వాటితో ఒక పొరపాటు తరచుగా జరుగుతుంది. ఆ సవరణ వినేవాడి కోసమే, పాట కోసం కాదు. మాస్టర్ ట్రాకు మీద పెట్టిన ఆ ప్లగిన్‌ను ఆపకుండా ఎగుమతి చేస్తే గది సవరణ పాటలో అచ్చుపడిపోతుంది.

8. ఎంచుకున్నాక మొదటి పాటకు పాటించవలసిన వరుస

మిక్స్ మాస్టర్ ట్రాకు మీదున్న లిమిటర్ తీసేసి, శిఖరాలు -6 నుంచి -3 డెసిబెల్స్ మధ్య ఉండేలా 24 బిట్ వేవ్ ఫైలు తీయాలి. ఎంపీ3 నుంచి మాస్టరింగ్ మొదలుపెట్టకూడదు. మిక్స్ ముగిసిన రాత్రే మాస్టరింగ్‌కు కూర్చోకుండా ఒకటి రెండు రోజులు చెవులకు విశ్రాంతి ఇవ్వాలి. ఈక్వలైజర్‌లో ఒకటి రెండు డెసిబెల్స్ దాటి మార్చాలనిపిస్తే ఆగి మిక్స్ తెరవడం మంచిది.

లిమిటర్ గీతను ట్రూ పీక్ -1 డెసిబెల్ దగ్గర పెట్టాలి. ఫైలును కుదించేటప్పుడు శిఖరాలు కొంచెం పైకి లేస్తాయి కాబట్టి ఆ జాగా వదలాలి. -14 కన్నా గట్టి మాస్టర్ అయితే -2 వదలమని స్పాటిఫై సూచన. వీడియోకు 48 కిలోహెర్ట్జ్, సీడీకి 44.1 కిలోహెర్ట్జ్ 16 బిట్ ఫైలు. 16 బిట్‌కు దించేటప్పుడు మాత్రమే, అన్నిటికన్నా చివర, ఒక్కసారే డిథర్ (బిట్లు తగ్గించినప్పుడు వచ్చే వక్రతను కప్పే సన్నని శబ్దం) వేయాలి.

తీసిన ఫైలును సాఫ్ట్‌వేర్ మూసేసి మొదటి నుంచి చివరిదాకా వినాలి. ఫోన్ స్పీకర్‌లో ఒకసారి, ఇయర్‌ఫోన్‌లో ఒకసారి, వీలైతే ఆటోలోనో కారులోనో ఒకసారి. ఫోన్‌లో బాస్ దాదాపు వినిపించదు, అక్కడ గొంతు మాటలు స్పష్టంగా అందుతున్నాయా అన్నదే పరీక్ష. చివరి స్వరం తోక తెగలేదని, మొదట్లో అర సెకను ఖాళీ ఉందని చూసుకుని, ఫైలు పేరులో పాట పేరు, తేదీ, శబ్దస్థాయి రాసి, మార్చని మిక్స్ ఫైలుతో పాటు మరో డిస్కులో ఒక నకలు దాచాలి.